సర్కారు బొట్టు

మడలంకని ఏలిన దొరతనం పేరు నేను చెప్పను. వాళ్ళిచ్చే పింఛను ఇంకా తింటున్నాను. ఉప్పు పండే ఒక లంక, దాని చుట్టూ మడ అడవి, దాని చుట్టూ సముద్రం, వీటన్నిటి మీదా ఒక జెండా. అంతే ఆ రాజ్యం. అక్కడ నేను దుబాసీని. దొరలు అన్నది తెలుగులో జనానికీ, జనం అన్నది దొరల భాషలో దొరలకీ చెప్పడం నా ఉద్యోగం. రెండువైపులా తిట్లు నేనే మింగేసేవాణ్ణి కాబట్టి ఆ లంకలో అంతకాలం శాంతి నిలిచింది. ఈ సంగతి ఏ చరిత్రలోనూ రాయరు.

ఉన్నట్టుండి దొరతనానికి వెళ్ళిపోవాలని బుద్ధి పుట్టింది. ఊరికే వెళ్ళిపోతే మర్యాదగా ఉండదని ముందు ఎన్నికలు పెడతామన్నారు. ఇరవయ్యొకటి నిండిన ప్రతివాళ్ళూ, ఆడా మగా, ఓటెయ్యాలి. గెలిచిన సభకి తాళాలిచ్చి దొరలు ఓడెక్కుతారు. దానికో మెలిక కూడా పెట్టారు. ఆడవాళ్ళలో సగం మందైనా ఓటెయ్యకపోతే ఈ ప్రజ ఇంకా పక్వానికి రాలేదని అర్థం, స్వాతంత్ర్యం పదేళ్ళు వాయిదా. ఇన్నేళ్ళుగా ఆడవాళ్ళని మంచినీళ్ళు కూడా అడగని దొరతనానికి పోయేముందు వాళ్ళ మీద ఇంత గౌరవం కలిగింది.

ఈ పని జరిపించడానికి రాజధాని నుంచి బార్కిన్ దొర దిగాడు. ఎన్నికల ప్రత్యేకాధికారి. కుర్రవాడు. ఎండకి ముక్కు కందిపోయి ఉండేది. ఇదివరకే రెండు దీవులకి స్వాతంత్ర్యం ఇచ్చి వచ్చానని, మనం ఇద్దరు పిల్లలకి చెవులు కుట్టించామని చెప్పుకున్నట్టు చెప్పుకునేవాడు.

మొదట దండోరా వేయించారు. ఎంకన్న డప్పు కొట్టుకుంటూ మా ఉప్పుపేట వీధిలోకి వచ్చి, ఇరవయ్యొకటి నిండిన ప్రతి మనిషికీ ఓటుందహో అని అరిచాడు. మా ఎదురిల్లు గంగిశెట్టి పేరయ్యగారిది. ఉప్పు వ్యాపారి, మా పేట నుంచి సభకి పోటీ చేస్తున్న పెద్దమనిషి. ఆ ఇంటి గేటు సందులోంచి ఒక తెల్లచీర కనిపించింది. పేరయ్యగారి చనిపోయిన తమ్ముడి భార్య, దాక్షాయణి.

"ఎంకన్నా, ప్రతి మనిషంటే నేనూనా?" అని అడిగింది.

"అంతమటుకే చెప్పమన్నారమ్మా. ఎవరెవరో చెప్పలేదు," అన్నాడు ఎంకన్న.

ఆమె వీధికి ఇవతల అరుగు మీదున్న నావైపు తిరిగింది. "అన్నయ్యగారూ, దొర రాసినదాంట్లో ఏవుంది?"

"అందులోనూ ప్రతి మనిషనే ఉందమ్మా."

"అయితే నన్నూ పిలిచినట్టే. ఆయన పోయాక నాకొచ్చిన మొదటి పిలుపండీ ఇది," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ముందువారమే పేరయ్యగారు నామినేషన్ వెయ్యడానికి బయల్దేరుతుంటే ఈ అమ్మాయి చెంబు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. వితంతువు ఎదురొచ్చిందని ఆయన వెనక్కి వెళ్ళి, చెప్పులు విడిచి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరారు. ఆ సాయంత్రం సభలో సమానత్వం గురించి గంటసేపు మాట్లాడారు. అదంతా దొర భాషలోకి మార్చినవాణ్ణి నేనే.

అసలు ఎన్నికకి ముందు జనానికి అలవాటు కావాలని బార్కిన్ దొర ఒక నమూనా ఎన్నిక పెట్టాడు. ఉప్పు కొఠారులో బల్ల వేసి, పెట్టె పెట్టి, వంకాయ బొమ్మ ఒకటి, బెండకాయ బొమ్మ ఒకటి అంటించి, నచ్చినదానికి ఓటెయ్యమన్నారు. మగవాళ్ళు విరగబడి వచ్చారు. మగవాళ్ళకేం, నలుగురు పోగైన చోటల్లా పోగవుతారు. ఆడవాళ్ళు మాత్రం రాలేదు. వచ్చిన ఒక్క మనిషి చేపలమ్మే పోలమ్మ. ఓటేశాక వేలికి సిరా పుయ్యాలని గుమాస్తా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గుమ్మంలో ఉన్న పోలమ్మ మొగుడు లోపలికొచ్చి, "మా వేపు ఆడమనిషి చెయ్యి పట్టుకుంటే పెళ్ళయిపోయినట్టేనండి. ఇప్పుడు దీన్ని మీరు ఏలుకుంటారా?" అని నిదానంగా అడిగాడు. గుమాస్తా ఏలుకోనన్నాడు. ఆడవాళ్ళ మటుకు సిరా రద్దయింది. వాళ్ళకని తెప్పించిన నిండు సీసా బీరువాలోకి వెళ్ళింది.

ఆడవాళ్ళు ఎందుకు రాలేదో విచారించమని దొర ఉత్తరువు. నేనూ, కచేరీలో గుమాస్తాల పెద్ద శిరస్తాదారు జగ్గారావుగారూ ఇల్లిల్లూ తిరిగాం. ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట. "పిలవందే ఎలా వస్తామండీ?"

"దండోరా వేశాం కదమ్మా," అన్నారు శిరస్తాదారు.

పేరయ్యగారి భార్య సీతారత్నంగారు నొచ్చుకున్నారు. "దండోరా గేదె తప్పిపోతే వేస్తారండి. పేరంటానికి పిలిస్తే ఇంటికొచ్చి బొట్టెట్టి పిలుస్తారు."

ఈ మాట నేను మార్చి చెప్పగానే బార్కిన్ దొర ముక్కు ఇంకా ఎర్రబడింది, ఈసారి సంతోషంతో. స్థానిక ఆచారమంటే ఆయనకి ప్రాణం. మర్నాటికల్లా ఉత్తరువు వెలువడింది. "మహిళా ఓటర్లను సముచిత రీతిని ఆహ్వానించు నిమిత్తము ప్రభుత్వ ముత్తయిదువ అను తాత్కాలిక ఉద్యోగములు ఇందుమూలముగా మంజూరు చేయనైనది."

ముత్తయిదువ అంటే ఏమిటని దొర అడిగితే, భర్త బతికున్న ఆడది అని చెప్పాను. దానికి రుజువేమిటన్నాడు. భర్తే రుజువన్నాను. ఆ ప్రకారం ఉద్యోగం కోరిన ప్రతి ఆడమనిషీ తన భర్తని వెంట తెచ్చి చూపించింది. వైద్యుడు వాళ్ళ నాడి పట్టి, పోలింగు దాకా బతికే అవకాశం ఉందని సంతకం పెట్టాడు. ఉద్యోగకాలంలో భర్త పోతే ఉద్యోగం పోతుంది, పనికి అంతరాయం కలుగుతుంది. అందుకని ఆ భర్తలందర్నీ వేటకి వెళ్ళకూడదని, తాటిచెట్లు ఎక్కకూడదని, రాత్రిళ్ళు పెరుగు తినకూడదని కట్టడి చేశారు. పెరుగు సంగతి శిరస్తాదారుగారి స్వంత కల్పన. ఆయనకి పడిశం జాస్తి. ఆయన భార్య సుందరమ్మగారిని ప్రధాన ముత్తయిదువగా వేయడంతో ఆయన కూడా ఆ కట్టడిలోకి వచ్చారు. ఆ రోజుల్లో ఆయన ఆరోగ్యం చూసి ఊరంతా ముచ్చటపడింది.

సుందరమ్మగారు వెండి కుంకుమ భరిణె పట్టుకుని, వెనకాల నేనూ, డవాలా బంట్రోతూ నడవగా పిలుపులకి బయల్దేరారు. పేరయ్యగారింట్లో సీతారత్నంగారికి బొట్టు పెట్టి, "శుక్రవారం ఎన్నికలమ్మా, తప్పకుండా రావాలి," అన్నారు. సీతారత్నంగారు సంబరపడిపోయారు. వంటింటి గుమ్మం దగ్గర దాక్షాయణి నిలబడి ఉంది. రెండడుగులు ముందుకొచ్చింది.

సుందరమ్మగారు ఆమెని చూశారు, భరిణెని చూశారు, మూత పెట్టేశారు. చెడ్డ మనిషి కాదు. మొహం చిన్నబోయింది. "నీకేముందిలే తల్లీ, కూర్చో," అన్నారు.

"ప్రతి మనిషనే అన్నారండీ," అంది దాక్షాయణి, నావైపు చూస్తూ.

ఈ సంగతి నేను ఆ సాయంత్రమే దొర ముందు పెట్టాను. ఓటరు ఉంది, పిలుపు లేదు, పిలుద్దామంటే ముత్తయిదువకి చెయ్యి రాదు, ఎలాగని. బార్కిన్ దొర కళ్ళజోడు తుడుచుకున్నాడు. "సార్వత్రిక ఓటు హక్కు సార్వత్రికమే. ఆహ్వాన పద్ధతి మాత్రం స్థానికాచారం. స్థానికాచారాల్లో జోక్యం చేసుకోకపోవడం మా దొరతనపు మూలసూత్రం," అన్నాడు. ఉప్పు మీద పన్ను వేసిననాడు ఆ మూలసూత్రం ఏ ఊరెళ్ళిందో అని తెలుగులో అనుకున్నాను.

శిరస్తాదారుగారు ఇంకా విడమరిచి చెప్పారు. "ఆవిడకి ఓటు హక్కు సంపూర్ణంగా ఉందండి. ఆ హక్కును వినియోగించుకునే స్థితి మాత్రమే లేదు. రెండూ వేరు వేరు దస్త్రాలు."

అంతటితో ఆగినా బాగుండేది. దొరకి బొట్టు మీద మోజు పెరిగింది. ఇంత చవకైన గుర్తు ఇంకే దీవిలోనూ దొరకలేదట. రెండో ఉత్తరువు రాశాడు. నుదుట బొట్టున్న స్త్రీని ఆహ్వానితురాలిగా ఎంచి లోపలికి పంపాలి. బొట్టు లేని స్త్రీని పంపరాదు. ఓటు వేసిన వెంటనే, రెండోసారి వేయకుండా, సదరు బొట్టును గుమాస్తా తడిగుడ్డతో తుడిచివేయాలి.

నేను ఆ కాగితం తిరిగి దొర బల్ల మీదే పెట్టాను. "దొరవారూ, ఈ మాట నేను తెలుగులోకి మార్చలేను," అన్నాను.

"తెలుగులో తడిగుడ్డకి మాట లేదా?"

"ఉందండి. భర్త పోయిననాడు ఆడదాని నుదుట బొట్టు చెరిపేస్తారు. మీరు ఓటేసిన ప్రతి ముత్తయిదువకీ ఆ పని చేయిస్తానంటున్నారు."

దొర ఆలోచించి, అది అపోహ అనీ, ప్రభుత్వం తుడిచినంత మాత్రాన ఎవరి భర్తకీ హాని జరగదని కావలిస్తే హామీపత్రం ఇస్తాననీ అన్నాడు. ఉత్తరువు అచ్చయి రాజధానికి కూడా వెళ్ళిపోయింది కాబట్టి ఇక మార్చడానికి వీల్లేదన్నాడు.

మర్నాడు మా వీధిలో చదివి వినిపించాను. సీతారత్నంగారు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఆయన గెలవాలని నాకూ ఉందండి. కానీ ఆయన ఉండాలని అంతకన్నా ఉంది," అన్నారు. ఈ ఒక్క వాక్యం దొరకి ఉన్నదున్నట్టు చెప్పాను.

బొట్టున్నవాళ్ళు ఓటెయ్యరు. బొట్టు లేనివాళ్ళు వెయ్యకూడదు. హక్కు మాత్రం అందరికీ ఉంది. లంక మీద అధికారి పెద్దదొర రాజధానికి తంతి కొడితే, సార్వత్రిక ఓటు హక్కును ఇంత సమానంగా అమలుపరిచినందుకు అభినందనలని జవాబొచ్చింది.

శుక్రవారం వచ్చింది. పిలిచిన పేరంటానికి వెళ్ళకపోవడం తప్పు కనక ఆడవాళ్ళందరూ పట్టుచీరలు కట్టుకుని ఉప్పు కొఠారుకి వచ్చారు. వచ్చి బయట పరిచిన చాపల మీద కూర్చున్నారు. లోపలికి మాత్రం ఒక్కరూ అడుగుపెట్టలేదు. లోపల గుమాస్తా తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. గుడ్డ ఆరిపోతే మళ్ళీ తడుపుకుంటున్నాడు. "తాంబూలాలు ఎప్పుడిస్తారండీ, ఇంటికెళ్ళాలి," అని ఒకావిడ అడిగింది. అందులో శనగలు కూడా ఉంటాయా అని ఇంకొకావిడ. ఆ సంగతి బడ్జెట్టులో లేదు.

మధ్యాహ్నం అయింది. బార్కిన్ దొర గడియారం చూసుకోవడం, ముక్కు రుద్దుకోవడం. మూడో దీవికి స్వాతంత్ర్యం ఇవ్వలేకపోతే పదోన్నతి ఆగిపోతుందని నాతోనే చెప్పాడు. పేరయ్యగారు గుమ్మం పక్కన చెమటలు తుడుచుకుంటున్నారు. పదేళ్ళ వాయిదా అంటే ఆయనకి అప్పటికి అరవై దాటుతాయి.

అప్పుడు వీధి మొదట్లో తెల్లచీర కనిపించింది. తల మీద ముసుగు లేదు. దాక్షాయణి తిన్నగా నడిచి వచ్చింది. చాపల మీద ఆడవాళ్ళు దారి ఇచ్చారు.

"ఇంటికి పో," అన్నారు పేరయ్యగారు గొంతు తగ్గించి.

"ఒక్క మాట చెప్పి పోతాను బావగారూ." నావైపు తిరిగింది. "అన్నయ్యగారూ, దొరగారితో చెప్పండి. ఓటేసినవాళ్ళెవరో తెలియాలి, అంతేగా ఆయన బాధ? దానికి ఉన్నది చెరపడం ఎందుకు? లోపలికి అందర్నీ ఎలా ఉన్నవాళ్ళని అలాగే పంపించండి. ఓటేసి వచ్చాక బొట్టు పెట్టి పంపండి. మీ బీరువాలో సిరా ఉందిట కదా. కుంకంలో అది కలిపితే ముదురు రంగొస్తుంది. ఇంటి బొట్టేదో, ఓటు బొట్టేదో తేడా తెలుస్తుంది. ఎవరి చెయ్యీ పట్టుకోవక్కర్లేదు, ఎవరి కుంకమా తుడవక్కర్లేదు."

నేను మార్చి చెప్పాను. ఒక్క ముక్క మింగలేదు.

బార్కిన్ దొర గడియారం చూశాడు, చాపల వైపు చూశాడు, కుర్చీలో కూలబడి మూడో ఉత్తరువు అక్కడికక్కడే గీకేశాడు. తొందరలో ఉన్న అధికారి రాసే చట్టం చాలా గట్టిగా ఉంటుంది, ఎందుకంటే మినహాయింపులు ఆలోచించడానికి వ్యవధి ఉండదు. ఆ ఉత్తరువు ప్రకారం, ఓటు వేసిన ప్రతి స్త్రీకీ ప్రభుత్వ ముద్రగా బొట్టు పెట్టాలి. ఫలితము గెజిట్టులో ప్రకటితమగువరకు సదరు ముద్రను చెరిపినవారికి, చెరపమని ఒత్తిడి చేసినవారికి ఆరు నెలలు కఠిన శిక్ష. ముద్ర మాసిపోయినచో ఓటరు స్వయంగా ప్రతి ఉదయం సాధారణ కుంకుమతో దిద్దుకొనవలెను.

గుమాస్తా బీరువాలోని సిరా తెచ్చి, బయట బల్ల దగ్గర కూర్చున్న సుందరమ్మగారి భరిణెలో కలిపాడు. దాక్షాయణి లోపలికి వెళ్ళింది. తెర వెనక ఎంతసేపో ఉన్నట్టు నాకనిపించింది గాని ఎంతోసేపు ఉండలేదు. బయటికొచ్చి సుందరమ్మగారి ముందు నిలబడింది.

సుందరమ్మగారి చెయ్యి భరిణె మీదే ఆగిపోయింది. శిరస్తాదారుగారు వెనక నుంచి, "అది బొట్టు కాదే, ప్రభుత్వ ముద్ర. తపాలా కచేరీలో కొట్టినట్టు కొట్టెయ్," అని గొణిగారు.

ఆవిడ వేలు ముంచి తపాలా ముద్ర కొట్టినట్టే ఒకసారి అద్దారు. అద్దాక ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకోలేదు. వంకరపోయిన అంచుని గోటితో గుండ్రంగా సరిచేశారు. ముక్కు మీద పడిన చుక్కని కొంగుతో తుడిచారు, పేరంటంలో ఏ ఆడపిల్లకైనా చేసినట్టే. ఇద్దరూ ఏడుస్తున్నారు. నేను దుబాసీని, కనిపించింది చెప్పడం నా పని, నాక్కూడా కళ్ళు కనిపించలేదు.

పేరయ్యగారు గుమాస్తా చేతిలో తడిగుడ్డ లాక్కుని ముందుకొచ్చారు. "కొంప పరువు తీశావు. తుడుచుకో ముందు."

"ఆరు నెలలండీ పేరయ్యగారూ," అన్నాను. "పైగా మీరు అభ్యర్థి. నామినేషన్ కూడా పోవచ్చు."

ఆయన ఆ గుడ్డతో తన మెడ తుడుచుకున్నారు.

ఆ తర్వాత చాపలు ఖాళీ అయిపోయాయి. సీతారత్నంగారు అందరికన్నా ముందు లేచారు. చేపల పోలమ్మ, పట్టుచీరలు, నేతచీరలు, అన్నీ ఒకే వరసలో. కబురు ఎలా పాకిందో గాని వెనక వీధుల్లోంచి, వంటిళ్ళ మూలల్లోంచి, ఆ ఊళ్ళో ఇంతమంది ఉన్నారని నాకెప్పుడూ తెలియని తెల్లచీరలు ఒక్కొక్కటే వచ్చి ఆ వరసలో చేరాయి. సాయంత్రానికి సగం దాటిపోయింది. మడలంక ప్రజ పక్వానికి వచ్చిందని పెద్దదొర తంతి కొట్టాడు.

జెండా దిగింది, ఇంకోటి ఎక్కింది. దొరలు ఓడెక్కారు. అన్ని పేటల ఫలితాలూ గెజిట్టులో పడ్డాయి, మా ఉప్పుపేటది తప్ప. పేరయ్యగారి మీద పోటీ చేసిన పడవల కాంట్రాక్టరు, మధ్యాహ్నం మార్చిన ఉత్తరువు ప్రకారం పడిన ఓట్లు చెల్లవని అర్జీ పెట్టాడు. బార్కిన్ దొర ఆ దస్త్రాన్ని పరిశీలన నిమిత్తం తనతో పట్టుకుపోయాడు. కొత్త ప్రభుత్వం ఉత్తరం రాస్తే, విషయం పరిశీలనలో ఉన్నదని జవాబు. ఇంకోటి రాస్తే, ముందు చెప్పిన జవాబును చూడగలరని జవాబు.

గెలిచారో ఓడారో తెలియక పేరయ్యగారు సభ బయటే ఉండిపోయారు. ఆయన అర్జీలన్నీ దొర భాషలోకి మార్చింది నేనే. ఎంత నెమ్మదిగా మార్చవచ్చో అంత నెమ్మదిగా మార్చాను.

దాక్షాయణి నుదుటి సిరా బొట్టు కొన్నాళ్ళకి వెలిసిపోయింది. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే చట్ట ప్రకారం కుంకుమ దిద్దుకునేది. ఆ బొట్టుతోనే బజారుకి వెళ్ళింది, గుడికి వెళ్ళింది, సుందరమ్మగారి మనవరాలి బారసాలకీ వెళ్ళింది. మొదట్లో మొహాలు తిప్పుకున్నవాళ్ళు ఉన్నారు. నుదుటి మీద చట్టం పెట్టుకుని తిరిగే మనిషిని ఏమనడానికీ ఎవరికీ ధైర్యం చాలలేదు. తర్వాత అలవాటైపోయింది. గెజిట్టు వచ్చిన ప్రతిసారీ ఆమె గేటు దగ్గరికొచ్చి, "ఫలితం వచ్చిందా అన్నయ్యగారూ?" అని అడిగేది. రాలేదమ్మా అంటే, సరేనండి అని వెళ్ళిపోయేది.

రెండు వానాకాలాలు గడిచాక వచ్చింది. పేరయ్యగారే గెలిచారు. మర్నాడు పొద్దున సభలో ప్రమాణం. గెజిట్టు చేత్తో పట్టుకుని నేను గేటు దగ్గర నిలబడ్డాను. నా మొహం చూసి ఆమెకి అర్థమైంది.

"ఇప్పుడు చెరిపెయ్యమని ఏవన్నా రాశారా?" అంది.

"లేదమ్మా. అప్పటిదాకా చెరపకూడదని ఉంది గాని ఆ తర్వాత చెరపాలని లేదు. అది రాసే దొర వెళ్ళిపోయాడు."

"అయితే ఉంటుంది లెండి," అంది.

తెల్లవారి పేరయ్యగారు ప్రమాణానికి బయల్దేరి జరీ పంచెతో గుమ్మంలోకి వచ్చారు. సీతారత్నంగారు పుట్టింట్లో ఉన్నారు. వీధిలో దండలు పట్టుకుని ఆడవాళ్ళు చాలామంది చేరారు. అందరి చేతుల్లోనూ ఓట్లున్నాయి, వచ్చే ఏడు మళ్ళీ ఎన్నికలున్నాయి. ఆయన వాళ్ళని చూశారు, వాకిట్లో చెంబు పట్టుకుని ఉన్న మరదలిని చూశారు, ఆమె నుదుటిని చూశారు. వెనక్కి వెళ్ళి మంచినీళ్ళు తాగుతారేమోనని నేను చూస్తున్నాను.

ఆయన గొంతు సవరించుకుని, వీధంతా వినేటట్టు, "అమ్మా దాక్షాయణీ, శుభమా అని బయల్దేరుతున్నాను. కాస్త ఎదురు రా తల్లీ," అన్నారు.

దాక్షాయణి చెంబు గట్టు మీద పెట్టి చేతులు తుడుచుకుంది.

"పొయ్యి మీద పాలున్నాయి బావగారూ. మీరు వెళ్ళిరండి," అని లోపలికి వెళ్ళిపోయింది.